హంస నడక

మా మేనమామని ఊళ్ళో ఎవరూ పేరుపెట్టి పిలవరు. ‘చిన్న ఘంటసాల’ అంటారు. చనువున్నవాళ్ళయితే ఆ ‘చిన్న’ కూడా తీసేసి “ఏం ఘంటసాలా, భోంచేశావా” అని అడుగుతారు. కోడూరు నుంచి మోపిదేవి దాకా పెళ్ళి అయినా, శ్రీరామనవమి పందిరి అయినా, దినకర్మ అయినా మైకు ముందు ఆయన ఉండాల్సిందే. పెళ్ళికి యుగళగీతాలు, పందిట్లో పద్యాలు, దినానికి భగవద్గీత. ఆయన శ్లోకం ఎత్తుకుంటే పక్కవీధి వాళ్ళు క్యాసెట్టు పెట్టారనుకునేవాళ్ళు. అంతకు మించిన బిరుదు మా వైపు లేదు.

నాకు సంగీతం దొరికిన దారి కూడా ఇదే, కాకపోతే తిరగేసి. అసలు కంటే ముందు నకలు విన్నాను. ఏడెనిమిదేళ్ళప్పుడు రేడియోలో మొదటిసారి ‘పుష్పవిలాపం’ వచ్చినప్పుడు, “అమ్మా, ఎవరో మావయ్యలా పాడుతున్నారు” అన్నానట. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా కొత్తవాళ్ళొస్తే మా అమ్మ ఈ మాట చెప్పి నవ్విస్తుంది.

రెండేళ్ళ కిందట మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళాం. వేణుగోపాలస్వామి కల్యాణం చూసి, రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారుజామున కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి రావడం మా వాళ్ళ ఆనవాయితీ. మావయ్య ఆ రాత్రి మైకులో రెండు గంటలు పాడాడు. మైకుసెట్టు కట్టేశాక వచ్చి ట్రాక్టర్ ట్రక్కులో గడ్డి మీద కూర్చున్నాడు. మనవరాలు నిద్రపోకుండా సతాయిస్తోంది. ఒళ్ళో వేసుకుని ఏదో జోలపాట అందుకున్నాడు.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సన్నగా ఉంది. కొంచెం ముక్కుతో వస్తోంది. పైకి వెళ్ళే చోట చిన్న జీర, అక్కడ ఆయన తడబడకుండా స్వరాన్ని కిందికి దించి పక్కదారిలో తీసుకెళ్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ పాట వింటున్న మనిషి సొంత గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదని అప్పుడు తెలిసింది. “మావయ్యా, ఇట్టా పాడవేం ఎప్పుడూ?” అన్నాను. ఆయన నవ్వాడు. “ఇదేం గొంతురా, ఇది ఇంట్లోకి” అన్నాడు. బజారుకి ప్యాంటూ చొక్కా, ఇంట్లోకి లుంగీ అన్నట్టు.

అప్పట్నుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. ఒకరి శైలి మీద ప్రేమ మన గొంతుని ఇంట్లో కూర్చోబెట్టేస్తే దాన్ని అభిమానం అనాలా, నష్టం అనాలా? అసలు ఆయన తరఫున బాధపడే హక్కు నాకుందా?

ముందు ఆ శైలి ఎలా పుట్టిందో చూడాలి. ఘంటసాల మాకు దూరపువాడేం కాదు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. విజయనగరం వెళ్ళి, మధుకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్నాడు. అప్పటికి తెలుగు పద్యం అంటే నాటకాల పద్యం. పాదం చివర రాగం ఎత్తుకుంటే చివరి వరస బెంచీ దాకా వినపడాలి, ‘వన్స్ మోర్’ రావాలి. పద్యం అర్థం ఆ రాగం కింద ఎక్కడో ఉండేది. ఘంటసాల దొరికింది మైకుకి. మైకు ముందు అరవక్కర్లేదు. మాట స్పష్టంగా పలికి, రాగాన్ని కుదించి, భావం ఉన్న చోట ఆగితే చాలు. ఆయన పద్యంలో మనకి ‘గాంభీర్యం’ అనిపించేది చాలావరకు ఆ పొదుపే. ఒక కాలం ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది, దానికి ఆయన ఇచ్చిన జవాబుని మనం శైలి అంటున్నాం.

మా మావయ్య ఆ జవాబుని కంఠతా పట్టాడు. ఆయన ముందున్న ప్రశ్న మాత్రం వేరు. చెట్టుకి కట్టిన నాలుగు హారన్లు, పక్కనే జనరేటర్ మోత, ఎదురుగా జీళ్ళు కొనుక్కుంటున్న జనం. స్టూడియోలో చెవి దగ్గర చెప్పినట్టు పాడిన పద్యాన్ని ఆయన తిరునాళ్ళలో అరిచి పాడాలి. దానికి ఆయన తనదంటూ ఏదో ఉపాయం కనిపెట్టే ఉంటాడు. నేను దాన్ని వినలేదు. ఘంటసాలతో ఎంత సరిపోయిందన్నదే కొలిచాను. ఊరంతా అదే కొలిచింది.

ఘంటసాల కూడా ఒకరి అభిమానే. బడే గులాం అలీఖాన్ అంటే ఆయనకి ప్రాణం. మద్రాసులో తన ఇంట్లో ఉంచుకుని ఆతిథ్యం ఇచ్చాడు. అంత దగ్గరగా విన్నాక కూడా పాడేటప్పుడు ఖాన్ సాహెబ్ అవలేదు. ఆరాధించినవాడికి ఇంట్లో గది ఇచ్చాడు గానీ గొంతులో ఇవ్వలేదు. ఇక్కడ మావయ్యని తప్పుపట్టడం తేలికే, కానీ ఘంటసాల చేతిలో అప్పటికే ఒక విద్య, ఒక గురువు, ఒక వృత్తి ఉన్నాయి. మావయ్య చేతిలో ఉన్నది టేప్ రికార్డర్. 1974లో ఘంటసాల పోయేనాటికి ఈయనకి పద్నాలుగేళ్ళు. ఒక్కసారి కూడా చూడలేదు.

హంసలదీవికి వెళ్ళే దారిలోనే పెదకళ్ళేపల్లి ఉంది. తెలుగు కర్ణాటక సంగీతంలో ఒక పెద్ద పరంపర ఆ పల్లెటూరి మీదుగా నడిచింది. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు పెదకళ్ళేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. హైదరాబాదు హాస్టల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బాలమురళిని కనిపెట్టిన రోజుల్లో నాకీ సంగతి తెలీదు. ఆయన మంద్రస్థాయిలోకి జారిపోయే తీరు మీద పిచ్చితో నేనూ రాత్రిళ్ళు ప్రయత్నించేవాణ్ణి. పక్కగది కుర్రాడొచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాక మానేశాను. మా ఇంటికి గంట దూరంలో ఉన్న ఊరి నుంచి వచ్చిన బాణీ నాకు యూట్యూబ్‌లో దొరికింది.

ఆ వరసలో నన్ను ఆశ్చర్యపరిచేది ఏమిటంటే, త్యాగరాజు గొంతు ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. రికార్డు లేదు. ఆయన శిష్యుడి తరవాతివాళ్ళు ఆ గొంతుని అనుకరించాలనుకున్నా కుదరదు. చేతులు మారింది గొంతు కాదు, పాటని పట్టుకునే పద్ధతి. ఐదో మెట్టు మీద నిలబడ్డ బాలమురళి 72 మేళకర్తల్లోనూ కీర్తనలు రాశాడు, నాలుగే స్వరాలతో ‘మహతి’ లాంటి రాగాలు చేశాడు, సంప్రదాయాన్ని చెడగొడుతున్నాడని తిట్లూ తిన్నాడు. 1963లో ‘నర్తనశాల’కి సంగీతం చేసింది ఆ సుసర్ల శాస్త్రిగారి మనవడు, అదే పేరున్న సుసర్ల దక్షిణామూర్తి. తాతగారి శిష్యుడి శిష్యుణ్ణి పిలిచి బృహన్నలకి పాడించాడు. ఆ వేషం వేసింది నిమ్మకూరు రామారావు. అదే సినిమాలో ఘంటసాల కూడా పాడాడు. నాలుగు మండలాల మనుషులు ఒకే సినిమాలో, ఒక గొంతుకి ఇంకో గొంతుతో పోలిక లేదు.

అలాగని అనుకరణే తప్పంటే కూచిపూడి ఒప్పుకోదు. అక్కడ పిల్లాడు సత్యభామ నడక నేర్చుకునేటప్పుడు “నా సత్యభామ” అని మొదలుపెట్టడు. గురువు మెడ ఎంత తిప్పితే అంతే తిప్పాలి. వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీవేషం ఆ కట్టుబాటులోంచే వచ్చింది, అయినా జనం ఆయన్ని చూడటానికే వచ్చేవాళ్ళు. తేడా ఎక్కడుందీ అని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. గురువు ఎదురుగా ఉంటాడు. ఏదో ఒక రోజు “చాలు, ఇక నువ్వు చెయ్యి” అంటాడు, లేదా కోప్పడతాడు, లేదా ముసలివాడై కూర్చుంటాడు. క్యాసెట్టుకి ఆ మాట రాదు. ఎన్నిసార్లు తిప్పినా అదే పరిపూర్ణత. ఏకలవ్యుడి ముందున్న మట్టిబొమ్మ కూడా ఎప్పుడూ చాలు అని ఉండదు.

మా ఊళ్ళో హార్మోనిస్టు ఒకాయనకి మావయ్యంటే పడదు. హంస నడక నేర్వబోయి కాకి ఉన్న నడక కాస్తా మర్చిపోయిందట అని ఆయన పరోక్షంగా అంటుంటాడు. హంసలదీవి వాడి ముందు అనాల్సిన సామెత కాదది. మా స్థలపురాణంలో జనం పాపాలన్నీ మోసి నల్లబడ్డ గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ మునిగి మునిగి, ఇక్కడికొచ్చాకే హంస అయింది. ఆ నలుపు దానిది కాదు, మంది అంటించింది. సామెత కాకిని ఉన్నచోట ఉండమంటుంది, పురాణం మునుగుతూ ఉండమంటుంది. మావయ్య విషయంలో ఏది నిజమో నాకు ఇంకా తేలలేదు.

ఈమధ్య ఈ ప్రశ్నకి కొత్త చిక్కు వచ్చింది. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో తన తండ్రి బాలసుబ్రహ్మణ్యం గొంతుని అనుమతి లేకుండా యంత్రంతో పుట్టించారని చరణ్ లీగల్ నోటీసు పంపారు. రెహమాన్ 2024లో ‘లాల్ సలాం’ కోసం చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు ఇచ్చామని చెప్పారు. అనుమతి, డబ్బు గురించి వాదన సరే. నాకు మావయ్య గుర్తొచ్చాడు. నలభై ఏళ్ళు ఆయన సాధన చేసింది ఇప్పుడు ఫోన్ చేసేస్తుంది కదా.

సంక్రాంతికి మా బావ నిజంగానే అలాంటిదొకటి చూపించాడు. నిరుడు వచ్చిన ఏదో సినిమా పాట, ఘంటసాల గొంతులో. ఇంట్లో అందరూ చుట్టూ మూగారు. నేను మావయ్య మొహమే చూస్తున్నాను, దెబ్బ తగులుతుందేమోనని. ఆయన కళ్ళు మూసుకుని ఆసాంతం విన్నాడు. తరవాత ఫోన్ బావకి ఇచ్చేస్తూ అన్నాడు. “గొంతు ఆయనదేరా. కానీ ఊపిరి తీసుకోవట్లేదు.” ఆగి, ‘పుష్పవిలాపం’లో మొదటి పద్యం మూడో పాదం దగ్గర ఘంటసాల ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎందుకు అక్కడే తీసుకుంటాడో, ఆ చోటు తప్పితే మాట ఎలా విరిగిపోతుందో పది నిమిషాలు చెప్పాడు. పాడి చూపించాడు కూడా. ఏ గొంతుతో పాడాడో గమనించడం మర్చిపోయాను, అంత బాగా చెప్పాడు.

నేను నకలు అనుకున్నది ఆయన దగ్గర ఒక రకమైన చదువు. ఒక మనిషి ఎక్కడ ఊపిరి పీల్చాడో అక్కడే నలభై ఏళ్ళు ఊపిరి పీలుస్తూ ఉంటే, ఆ మనిషి గురించి తెలిసేది వేరే. ‘నీ సొంత గొంతు ఏది’ అన్న నా ప్రశ్నలో నగరంలో నేర్చుకున్న గర్వం కొంత ఉంది. సొంతం అనేది లేకపోతే మనిషి ఓడిపోయినట్టే అని నాకెవరు చెప్పారు? అయినా ఆ జోలపాట విన్నప్పుడు కలిగిన దిగులు అబద్ధం కాదు. ఆ గొంతు ఇంకో నలుగురు వినాల్సింది. రెండూ నిజమే, రెంటినీ కలిపి ఒక ముక్కలో చెప్పడం నా వల్ల కావట్లేదు.

ఇంకో సంగతి మిగిలింది. ఆ రాత్రి ట్రక్కు పక్కన చీకట్లో నిలబడి ఆ పాట ఫోన్‌లో రికార్డు చేశాను. ఒక నిమిషం నలభై సెకన్లు. వెనక సముద్రం హోరు, మధ్యలో ఎవరిదో దగ్గు. మావయ్యకి చెప్పలేదు. ఎవరికీ వినిపించలేదు. ఆయన ఇంట్లోకి అన్నదాన్ని నేను జేబులో పెట్టుకుని ఊరు దాటించాను. డిలీట్ చేద్దామని రెండుసార్లు తీశాను, రెండుసార్లూ విని మళ్ళీ పెట్టేశాను.

మొన్న బావ పంపిన వీడియోలో ఆయన మనవరాలు స్కూల్లో ఏదో రైమ్ పాడుతోంది. కొంచెం ముక్కుతో. పైకి వెళ్ళాల్సిన చోట వెళ్ళకుండా, పక్కదారిలో కిందికి దిగింది. టీచరు మళ్ళీ పాడమంది.