ముందు విను, పిమ్మట పలుకు



ప్రభువు యెరికో పట్టణం విడిచి బయలుదేరుతున్నారు. వెంట పెద్ద జనసమూహం. దారి పక్కన కూర్చున్న గ్రుడ్డి భిక్షకుడు బర్తిమయి గొంతెత్తి ఆయనను పిలిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేశారు? ఊరుకోమని గద్దించారు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. ప్రభువు వెంట నడిచేవాళ్ళే, ఆయన మాట వినాలని వచ్చినవాళ్ళే. అయినా వారి సందడికి ఒక బీదవాని పిలుపు అడ్డుగా తోచింది. ప్రభువు మాత్రం ఆగారు. అంత గోలలోనూ ఆ ఒక్క గొంతును ఏరుకున్నారు. మార్కు సువార్త 10వ అధ్యాయం చివర ఉన్న ఈ సంఘటనను మనం ఎన్నోసార్లు విన్నాం. బర్తిమయికి చూపు వచ్చిన అద్భుతం మీదికే మన దృష్టి పోతుంది. దానికి ముందు ప్రభువు ఆగి విన్నారన్న సంగతిని తొందరగా దాటిపోతుంటాం.

ఈ వారం ఆ సంగతినే ధ్యానిద్దాం. అందుకు సాయంగా రేడియో ప్రపంచం నుండి ఒక ఉపమానం తీసుకుంటాను.

ముత్తుకూరు, కృష్ణపట్నం ప్రాంతపు పెద్దలకు ట్రాన్సిస్టరు సంగతి చెప్పనక్కరలేదు. తుపాను కబురు కోసం ముల్లు తిప్పి 837 కిలోహెర్ట్జ్ దగ్గర విజయవాడ ఆకాశవాణిని పట్టుకొని, చెవి ఆనించి విన్న రాత్రులు ఈ తీరంలో ఎన్నో. 300 నుండి 3000 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ఆ భాగాన్ని మధ్యతరంగాల భాగం అంటారు. అందులో ఆకాశవాణి వంటి కేంద్రాలున్నాయి, ఓడలకూ విమానాలకూ దారి చూపే సంకేతాలున్నాయి. వాటి నడుమ ఒక సన్నని సందులో హామ్ రేడియో వారు కూడా ఉన్నారు.

హామ్‌లంటే సొంత రేడియో యంత్రంతో దేశదేశాల వారితో మాట్లాడే ఔత్సాహికులు. మన దేశంలో 12 ఏళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వం నుండి లైసెన్సు పొందవచ్చు. దాన్ని వ్యాపారానికి వాడకూడదు. మధ్యతరంగాల్లో మన హామ్‌లకు చాలాకాలం దొరికిన చోటు 1820 నుండి 1860 వరకు, అంటే 40 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒక మనిషి గొంతు సాగడానికి సుమారు 3 కిలోహెర్ట్జ్ కావాలి. ఆ లెక్కన ఒకరికొకరు అడ్డు రాకుండా అక్కడ పదమూడు సంభాషణలకు మించి పట్టవు. అదే మోర్సు చుక్కలు, గీతలతో మాట్లాడితే ఆ సందులోనే ఎన్నో రెట్లు మందికి చోటు దొరుకుతుంది. మాటను కుదించుకున్నకొద్దీ పక్కవానికి చోటు పెరుగుతుందన్నమాట.

ఈ తరంగాలకు మరో గుణం ఉంది. పగటివేళ సూర్యరశ్మి వల్ల ఆకాశంలో ఏర్పడే ఒక పొర వీటిని మింగేస్తుంది. పొద్దు గూకాక ఆ పొర కరిగిపోతుంది. ఇంకా పైనున్న పొరలు తరంగాలను తిరిగి నేలకు మళ్ళిస్తాయి. పగలు పక్క జిల్లా దాటని గొంతు రాత్రి సముద్రాలు దాటుతుంది. కాని దూరం నుండి వచ్చే గొంతు సన్నగా వస్తుంది. ఎక్కడో మెరిసిన మెరుపుకు చిటపటలు, పక్కనున్న కరెంటు తీగల రొద, వీటి మధ్య దాన్ని వెతుక్కోవాలి. ఆ సమయంలో దగ్గరలోని హామ్ ఒకడు చూసుకోకుండా యంత్రం మీట నొక్కితే, వేల మైళ్ళ నుండి వచ్చిన ఆ పలుకు అణగిపోతుంది. చెరిపినవానికి చెరిపానన్న సంగతే తెలియదు.

అందుకే హామ్‌ల మర్యాదలన్నీ వినడంతో మొదలవుతాయి. ముందు కాసేపు విను. ఎవరూ లేరనిపించినా, ఈ చోటు ఖాళీగా ఉందా అని అడుగు. జవాబు రాకపోతే అప్పుడు పిలువు. పని జరగడానికి ఎంత శక్తి చాలునో అంతే వాడు. 1830 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో కొంత చోటును దూరదేశాల బలహీన సంకేతాల కోసం విడిచిపెట్టడం ఒక ఆనవాయితీగా వచ్చింది. ఇరుగుపొరుగు కబుర్లు అక్కడ ఆడుకోరు. ఇది మనకు కొత్త పాఠమా? పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 14వ అధ్యాయంలో ప్రార్థన కూటానికి పెట్టిన కట్టుబాటు ఇదే. వరం ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి మాట్లాడకండి, వంతులవారీగా మాట్లాడండి, మరొకనికి దేవుడు మాట ఇస్తే మొదటివాడు ఆగాలి అని ఆయన బోధ. ఆత్మవరం ఉన్నంత మాత్రాన ఎదుటివాని వంతు లాక్కునే హక్కు రాదు.

ఈ మర్యాద తప్పితే ఏమవుతుందో చరిత్ర చూసింది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ అట్లాంటిక్ సముద్రం మీద సాగుతున్నది. దాని వైర్‌లెస్ కూడా మధ్యతరంగాలదే. ఆపరేటరు జాక్ ఫిలిప్స్ ప్రయాణికుల సందేశాల కట్టను దూరాన ఉన్న కేప్ రేస్ కేంద్రానికి పంపుతున్నాడు. అంతకుముందు యంత్రం చెడిపోయి, బాగుచేసుకునేసరికి పని పేరుకుపోయింది. రాత్రి 11 గంటల వేళ, దగ్గరలో ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ నుండి సిరిల్ ఎవాన్స్ పలికాడు. మేము మంచు నడుమ ఆగిపోయాం అన్నది అతని కబురు. దగ్గరి ఓడ కాబట్టి ఆ సంకేతం ఫిలిప్స్ చెవిలో పెద్దగా మోగింది. దూరపు కేప్ రేస్ వినబడలేదు. విసుగెత్తి, నోరు మూసుకో, నాకు పని ఉంది అన్నాడు. ఎవాన్స్ ఊరుకున్నాడు. కాసేపు విని, యంత్రం ఆపి పడుకున్నాడు. 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. ఆ తర్వాత ఫిలిప్స్ పంపిన ఆపద పిలుపులు ఎవాన్స్ గదిలో వినబడలేదు. ఆ రాత్రి 1,500 మందికి పైగా చనిపోయారు.

ఫిలిప్స్‌ను నిందించడం సులభం. కాని అతడు సోమరి కాదు, దుర్మార్గుడు కాదు. ఓడ మునుగుతున్నా దాదాపు చివరిదాకా మీట దగ్గరే ఉండి పిలిచాడు, ఆ ఘోరంలోనే ప్రాణం విడిచాడు. ఆ గంటలో అతడు తన ఉద్యోగమే చేస్తున్నాడు. యెరికో దారిలో జనం కూడా ప్రభువు వెంట నడవడమనే మంచి పనిలోనే ఉన్నారు. మనల్ని ఎక్కువగా చెవిటివాళ్ళను చేసేది పాపకార్యం కాదేమో, చేతినిండా ఉన్న మంచిపనేనేమో! ఇంకొక సంగతి కూడా గమనించండి. గద్దించినప్పుడు బర్తిమయి మరింత గట్టిగా అరిచాడు. అందరూ బర్తిమయిలు కారు. చాలామంది ఎవాన్స్ వంటివాళ్ళు. ఒకసారి ఊరుకోమంటే యంత్రం ఆపి పడుకుంటారు. ఆ తర్వాత మన ఓడకు ఆపద వచ్చి పిలిచినా వారి చెవికి చేరదు.

ఆ ఘోరం నుండి లోకం బుద్ధి తెచ్చుకున్నది. ఓడల్లో రాత్రింబవళ్ళు వైర్‌లెస్ వినాలన్న నియమం వచ్చింది. సముద్రం మీద ఆపద పిలుపుకు 500 కిలోహెర్ట్జ్ అన్నది స్థిరపడింది. ప్రతి గంటలో రెండుసార్లు, 15వ నిమిషం నుండి 18 వరకు, మళ్ళీ 45 నుండి 48 వరకు, ఆ తరంగం మీద అందరూ మౌనం పాటించాలి. ఎక్కడైనా సన్నని ఆపద పిలుపు ఉంటే ఆ మూడు నిమిషాల్లో వినబడాలని. ఓడ రేడియో గదిలోని గోడ గడియారం మీద ఆ భాగాలకు ఎర్రరంగు వేసేవారు. 1999లో ఉపగ్రహాల కాలపు కొత్త ఏర్పాటు పూర్తిగా అమలులోకి వచ్చాక ఆ పద్ధతి ముగిసింది. 2012లో అంతర్జాతీయ సమావేశం ఆ పక్కనే 472 నుండి 479 వరకు, కేవలం 7 కిలోహెర్ట్జ్, హామ్‌లకు ఇవ్వడానికి ఒప్పుకున్నది. అదీ రెండవ హక్కుదారులుగానే. అతి తక్కువ శక్తి వాడాలి, మొదటి హక్కుదారులకు అడ్డు రాకూడదు. ఆ ఇరుకు చోటునే వాళ్ళు సంతోషంగా వాడుకుంటున్నారు.

మన తెలుగు నేలకు సంబంధించిన సాక్ష్యం కూడా ఒకటి ఉంది. 1983లో హైదరాబాదులో స్థాపించబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్ళింది. చాలా ఏళ్ళుగా హామ్ గొంతు వినబడని దీవులవి. ఒక్కసారైనా వారితో మాట్లాడాలని ప్రపంచమంతటా హామ్‌లు పోటీపడ్డారు. ఇంతలో డిసెంబరు 26, తిరుకుటుంబ పండుగ ఆదివారం ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. మన నెల్లూరు తీరం కూడా ఆనాటి అలలను మరువలేదు. దీవుల్లో టెలిఫోన్లు మూగబోయాయి. ఆ బృందం వెంటనే పోటీ కబుర్లు ఆపి, యంత్రాన్ని ఆపదలో ఉన్నవారి సేవకు మళ్ళించింది. మావాళ్ళు బ్రతికి ఉన్నారా అన్న ప్రశ్నలు, క్షేమ సమాచారాలు ఆ తరంగాల మీద నడిచాయి. అవి మధ్యతరంగాలు కావు, షార్ట్‌వేవ్. అయినా మర్యాద ఒకటే: ఆపద పిలుపు వచ్చినప్పుడు తక్కినవన్నీ పక్కకు తప్పుకోవాలి.

మన మత్స్యకార కుటుంబాలకు ఈ ధర్మం పరాయిది కాదు. 1994 నాటి రాష్ట్ర చట్టాన్ని అనుసరించి తీరం నుండి 8 కిలోమీటర్ల వరకు సముద్రం సంప్రదాయ పడవలది, పెద్ద మరపడవలు ఆ అవతలికి పోవాలి. శక్తి ఉన్నవాడు దూరం జరగాలి, లేనివానికి ఒడ్డు దగ్గర చోటు వదలాలి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపుతాం, చేప గుడ్లు పెట్టి పెరిగేందుకు. అదీ ఒక మౌనకాలమే. పడవల్లోని వైర్‌లెస్ సెట్ల మీద 16వ ఛానెల్ ఆపదలో ఉన్నవాని పిలుపు కోసం ఉంది. పిలిచి, పలికాక, మాట సాగించడానికి వేరే ఛానెల్‌కు మారాలి. ఊసుపోక దాని మీద కబుర్లాడినవాడు, ఎవరి పిలుపుకు అడ్డుపడ్డాడో చెప్పగలడా? సొంతమైనది కూడా అవసరంలో ఉన్నవానితో పంచుకోవడానికి సిద్ధంగా ఉంచుకోవాలని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. సొంతం కాని ఆకాశం, సముద్రం సంగతి వేరే చెప్పాలా?

హామ్‌లలో చాలామంది తమ పాలక పునీతునిగా తలచే గురువు ఒకరున్నారు. ఆయన పోలండు దేశపు పునీత మాక్సిమిలియన్ కోల్బే. ఫ్రాన్సిస్ వారి సభకు చెందిన ఈ గురువు తాను స్థాపించిన మఠంలో 1938లో రేడియో కేంద్రం నెలకొల్పారు. యుద్ధం వచ్చింది, ఆ గొంతు ఆగింది. 1941లో ఆష్విట్జ్ చెరలో, ఒక ఖైదీ పారిపోయినందుకు పదిమందిని ఆకలిచావుకు ఎంచారు. వారిలో ఒకడు భార్యాబిడ్డలను తలచుకొని ఏడ్చాడు. ఎందరో ఏడ్చే చోట ఆ ఏడుపును ఆయన విన్నారు. అతని బదులు నన్ను పంపండి అని ముందుకు వచ్చారు. ఆగస్టు 14న ప్రాణం అర్పించారు. 1982లో జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు ఆయనను పునీతునిగా ప్రకటించినప్పుడు, ఆ బ్రతికిన మనిషి అక్కడ ఉన్నాడు. వినడం ఎంతదూరం తీసుకుపోతుందో చూడండి. తన వంతును, చివరికి తన ప్రాణాన్ని కూడా ఎదుటివానికి విడిచిపెట్టేదాకా!

మన ఇల్లు కూడా ఒక ఇరుకు సందే. నాలుగు గోడల మధ్య అయిదారు గొంతులు. అందులో గట్టి గొంతులు ఉంటాయి, సన్నని గొంతులు ఉంటాయి. అప్పుల బాధ చెప్పలేక మింగుతున్న తండ్రి, అత్తింటి కష్టం ఒక్క మాటలో చెప్పి ఊరుకున్న కూతురు, చెప్పిందే చెబుతున్నదని మనం విసుక్కునే ముసలమ్మ, పరీక్ష తప్పి ఎవరితోనూ మాట్లాడని కొడుకు. వారి పిలుపు పెద్ద శబ్దంతో రాదు. టీవీ, సెల్‌ఫోన్ల రొద మధ్య సన్నగా ఒక్కసారి వస్తుంది. మనం విసుక్కుంటే మళ్ళీ రాకపోవచ్చు. విచారణ సంఘం సమావేశాలు కూడా ఇంతే. ఎప్పుడూ మాట్లాడే నలుగురే మాట్లాడితే, వెనుక వరుసలో కూర్చున్న విధవరాలి అవసరం మనకెలా తెలుస్తుంది?

ఈ వారం ఒక చిన్న సాధన చేయండి. సాయంత్రం జపమాల ముగిశాక ఫోన్లు పక్కన పెట్టి మూడు నిమిషాలు ఇంటిల్లిపాదీ మౌనంగా కూర్చోండి. ఆ తర్వాత ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడేవారిని ముందుగా పలకరించండి. వారు చెప్పేది పూర్తయ్యేదాకా సలహా ఇవ్వకండి, అడ్డు తగలకండి. మొదటిరోజు ఏమీ చెప్పకపోవచ్చు. మరునాడు కూడా కూర్చోండి.

బర్తిమయి పిలుపుకు ఆగిన ప్రభువు మన ఇళ్ళలోని సన్నని గొంతులకు మనలను ఆపునుగాక! వినే చెవిని, చోటిచ్చే హృదయాన్ని మరియమాత ప్రార్థన సహాయం వలన మనకు దయచేయునుగాక! ఆమెన్.