భయమువలని సమాధానము

ఇరుగు పొరుగువారు మాటలు మాని, రాత్రివేళ కఱ్ఱలు తలాపున పెట్టుకొని పండుకొనుచున్నారనుకొనుడి. కొట్లాట లేదు గనుక వారు సమాధానముగా నున్నారని చెప్పవచ్చునా? నలుబది యేండ్లకు పైగా లోకమంతయు ఈ ప్రశ్న నెదుర్కొనెను.

1945లో రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, కలిసి పోరాడిన సోవియట్ రష్యాయు, అమెరికా మొదలగు పాశ్చాత్య రాజ్యములును ఒకరినొకరు అనుమానింపసాగిరి. బీదల పక్షము మాదే యని ఒకరు, స్వాతంత్ర్యము మాయొద్దనే యున్నదని మరియొకరు చెప్పుకొనిరి. ఇరువురును అణ్వాయుధములు ప్రోగుచేసిరి. 1986 నాటికి లోకములో అట్టివి సుమారు 70,000 ఉండెనని లెక్క.

ఆ భయమే మేలు చేసెననియు, అందువలననే ఆ రెండు గొప్ప రాజ్యములు నేరుగా యుద్ధమునకు దిగలేదనియు కొందరందురు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని 1950 మొదలు 1953 వరకు కొరియాలోను, తరువాత వియత్నాములోను ఆ వైరమునకు వెల చెల్లించినది చిన్న దేశముల ప్రజలే. భయము చేతిని పట్టి ఆపగలదు, హృదయమును మార్చజాలదు.

జర్మనీ దేశములోని బెర్లిన్ పట్టణమును చూడుడి. తన ప్రజలు పడమటి ప్రక్కకు వెళ్లిపోకుండ, తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వము 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసి గోడ కట్ట నారంభించెను. ఆ సరిహద్దున 1894లో ప్రతిష్ఠింపబడిన ఒక దేవాలయముండెను. దాని పేరే సమాధానపు దేవాలయము. గోడ దాని వాకిటనే లేచెను. సంఘస్థులలో ఎక్కువమంది పడమటివారు; వారికి తమ దేవాలయములోనికి దారి లేకపోయెను. కడకు 1985 జనవరిలో ప్రభుత్వము దానిని మందుపెట్టి కూల్చివేసెను. ఆ గోడయొద్ద కనీసము 140 మంది ప్రాణములు కోల్పోయిరి. శత్రువునకు భయపడి కట్టిన గోడ మొదట స్వజనులనే చెరపట్టును.

ఆ గోడ తెరువబడుటకు కారణములనేకములు. హంగరీ తన సరిహద్దు తెరచెను. రష్యా నాయకుడు గోర్బచేవ్ సైన్యమును పంపలేదు. అయినను మనము మరువరానిది మరియొకటి గలదు. లైప్‌జిగ్ నగరమందలి నికొలాయి దేవాలయములో 1982 మొదలు సోమవారములందు సమాధానముకొరకు ప్రార్థన జరుగుచుండెను. 1989 అక్టోబరు 9న, ఇతరులకు చోటు లేకుండ చేయుటకై, పార్టీ సభ్యులను వందలకొలదిగా ముందే తెచ్చి బల్లలపై కూర్చుండబెట్టిరి. వారినెవరును వెళ్లగొట్టలేదు. ప్రార్థింప వచ్చినవారును, అడ్డగింప వచ్చినవారును ఒకే కప్పు క్రింద ఒకే ప్రార్థన వినిరి. బయట సాయుధులైన పోలీసులుండిరి. ఆ సాయంకాలము సుమారు 70,000 మంది వీధులలో నడచిరి. అనేకుల చేతులలో క్రొవ్వొత్తులుండెను. ఒక్క తుపాకియు ప్రేలలేదు. సరిగా నెల దినములకు, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరువబడెను.

ఆ నడచినవారికి భయము లేదనుకొనకుడి. వారు భయపడుచునే నడచిరి, గాని భయమును తమకు యజమానునిగా చేసికొనలేదు. అన్యాయమును న్యాయమని ఒప్పుకొనలేదు. అన్యాయము చేయువానిని ద్వేషింపనులేదు. శత్రువును ప్రేమింపుమన్న ప్రభువు ఆజ్ఞకు అర్థమిదియే గదా! భయమువలని సమాధానము శత్రువు ఎల్లప్పుడును శత్రువుగానే యుండవలెనని కోరును. ప్రేమవలని సమాధానము అతనికి కూర్చుండ చోటిచ్చును.

కూలిన ఆ దేవాలయపు పునాదిమీద 2000లో చిన్న ప్రార్థనాలయము కట్టిరి. పాత గోడల శిథిలములను మట్టిలో కలిపి దాని గోడలు పెట్టిరి. కావలి సైనికులు తిరిగిన ఆ నేలలో నేడు గోధుమవంటి ధాన్యము విత్తి కోయుచున్నారు.

సహోదరులారా, రాజ్యముల గోడలు మన చేతిలో లేవు. కాని ఎవడు వచ్చి మన ప్రక్కను కూర్చుండిన మన మనస్సు ముడుచుకొనునో, వానిని మనమెరుగుదుము. వచ్చే ఆదివారము వానికొరకు చాపమీద కొంచెము జరుగుదము.