వినబడకపోవడం, లేకపోవడం

ఒక వస్తువు కనబడలేదు కాబట్టి అది అక్కడ లేదని తేల్చి చెప్పవచ్చునా అన్న ప్రశ్న పైకి చిన్నదిగానే తోచినా, భారతీయ దర్శనకారులు దాని మీద శతాబ్దాల పాటు వాదించుకున్నారు. వస్తువు లేకపోవడాన్ని, అంటే అభావాన్ని, తెలియజేసే ప్రత్యేక ప్రమాణం, అంటే జ్ఞానసాధనం, ఒకటుందని, అది అనుపలబ్ధి, అంటే తెలియరాకపోవడమేనని భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అన్నారు. అభావం కూడా ప్రత్యక్షం చేతనే తెలుస్తుందని, తెలియరాకపోవడం దానికి తోడ్పడే సామగ్రి మాత్రమేనని, దాన్ని వేరే ప్రమాణంగా లెక్కించనక్కరలేదని న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు ఎదురువాదం చేశారు. తగాదా ఎలా ఉన్నా ఒక్క నిబంధన విషయంలో ఇరుపక్షాలకూ పేచీ లేదు. వస్తువే అక్కడ ఉండి ఉంటే తప్పక తెలిసి ఉండేది అనదగిన పరిస్థితిలో తెలియరాకపోతేనే దాని అభావం నిశ్చయమవుతుంది. ఈ అర్హతకు యోగ్యత అని పేరు, ఇటువంటి అనుపలబ్ధిని యోగ్యానుపలబ్ధి అంటారు. పట్టపగలు వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిగదిలో కనబడకపోతే ఆ మాట అనకూడదు, ఎందుకంటే అక్కడ లోపించింది కుండో వెలుతురో ఇంకా తేలలేదు.

ఈ నిబంధన ఎంత బరువైనదో సెకండ్ హ్యాండ్ కారు బేరంలో తెలిసినంతగా కుండ ఉదాహరణలో తెలియదు. కొనేవాడు వచ్చేసరికే ఇంజన్ వేడెక్కి ఉంటుంది, కారు ఊరి వీధుల్లో రెండు చుట్లు తిరుగుతుంది, ఏ చప్పుడూ వినబడదు, డబ్బు చేతులు మారుతుంది. మర్నాడు తెల్లవారి తాళం తిప్పగానే బానెట్ కింద నుంచి మొద్దుగా, లయగా కొట్టుకునే చప్పుడు మొదలై, ఐదు నిమిషాలకు దానంతటదే సద్దుమణుగుతుంది. నిన్న లేని రోగం ఇవాళ వచ్చిందని కొన్నవాడు అనుకుంటాడు గాని, అనవలసిన మాట వేరు: నిన్నటి నిశ్శబ్దం ఆ చప్పుడు విషయంలో సాక్ష్యమే కాదు. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ అల్యూమినియం మిశ్రమంతో చేసినది కాబట్టి వేడికి వ్యాకోచిస్తుంది. అరుగుదల వల్ల పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు పెరిగిన ఇంజన్‌లో చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పక్కకు ఒరిగి గోడను తడుతుంది, వేడెక్కి ఉబ్బాక సందు మూసుకుపోయి ఆ తట్టడం ఆగిపోతుంది. ఈ దోషానికి వేడెక్కిన ఇంజన్ చీకటిగది వంటిది.

దీనికి సరిగ్గా తలకిందులైన దోషం మరొకటుంది. పిస్టన్‌ను కింది క్రాంక్ షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ అడుగు భాగంలో పల్చని అర్ధచంద్రాకారపు బేరింగ్ పెంకులు రెండుంటాయి. వాటికీ షాఫ్ట్‌కూ మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో ఇంచుమించు 0.05 వంతు, ఆ సందులో నిలిచే ఆయిల్ పొర మీదనే షాఫ్ట్ తేలుతూ తిరుగుతుంది. బేరింగ్ అరిగినా, పొద్దున్నే చల్లగా చిక్కగా ఉన్న ఆయిల్ ఆ ఖాళీని నింపి చప్పుడును దాచిపెట్టవచ్చు. వేడికి ఆయిల్ పలచబడి ఒత్తిడి తగ్గాక, యాక్సిలరేటర్ తొక్కినప్పుడో తొక్కి వదిలినప్పుడో, లోహం లోహాన్ని కొట్టే బరువైన చప్పుడు బయటపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే విన్నవాడికి ఒక దోషం తప్పిపోతుంది, వేడిగా ఉన్నప్పుడు మాత్రమే విన్నవాడికి రెండోది తప్పిపోతుంది. ఉండవలసినదానికంటే చిక్కని ఆయిల్ పోసి అమ్మకానికి పెడితే చల్లగా విన్నా, వేడిగా విన్నా లాభం ఉండకపోవచ్చు. అక్కడ గది దానంతటది చీకటిగా లేదు, ఎవరో దీపం ఆర్పేశారు. యోగ్యతను చర్చించిన శాస్త్రగ్రంథాలు ఈ మానవప్రయత్నం గురించి చెప్పినది తక్కువే.

ధర్మశాస్త్రాలు దాన్ని పట్టించుకున్నాయి. కొన్న తర్వాత, అమ్మిన తర్వాత కలిగే పశ్చాత్తాపాన్ని మనుస్మృతి క్రయవిక్రయానుశయమని పేరు పెట్టి, వ్యాజ్యానికి ఎక్కదగిన 18 వివాదాల్లో ఒకటిగా చేర్చి, పది రోజుల లోపల సరుకును తిరిగి ఇవ్వడానికైనా తీసుకోవడానికైనా అవకాశమిచ్చింది. యాజ్ఞవల్క్యస్మృతి ఇంకా సూక్ష్మంగా వెళ్లి, సరుకును బట్టి పరీక్షకు గడువు మార్చింది: విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు మోసే పశువులకు ఐదు, రత్నాలకు ఏడు, పాడి పశువులకు మూడు. ఈ అంకెలు ఎందుకిలా ఉన్నాయో ఆలోచిస్తే వాటి వెనుక యోగ్యతా విచారమే కనబడుతుంది. విత్తనం లోపం మొలకెత్తే రోజులు గడిస్తేగాని తెలియదు, ఎద్దు లోపం కాడి కట్టి నాలుగు రోజులు దున్నితేగాని బయటపడదు, ఇనుము లోపం సుత్తి దెబ్బతోనే తెలుస్తుంది. దోషం తనను తాను చూపించుకోవడానికి పట్టే కాలమెంతో పరీక్షకు గడువూ అంతేనన్నమాట. పాత కారు ఇనుమూ అవును, బరువు మోసేదీ అవును. ఏ గడువు వర్తిస్తుందని స్మృతికారుణ్ణి అడిగే వీలు లేదు గాని, ఒక పూట చక్కర్లతో సరిపెట్టమని మాత్రం ఆయన అనడు.

చప్పుడు వినబడిన తర్వాత ఎదురయ్యే చిక్కు మరో రకానిది. న్యాయసూత్రాలు వాక్ఛలమనే దోషాన్ని వర్ణించాయి: ఒకే మాటకు రెండర్థాలున్నప్పుడు, చెప్పినవాడు ఉద్దేశించని అర్థాన్ని పట్టుకుని వాదించడం. కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి ఉద్దేశించి నవకంబలుడంటే, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయని అడగడం దానికి పేరుమోసిన ఉదాహరణ. మెకానిక్ షెడ్డులో నాకింగ్ అన్న మాట సరిగ్గా ఇటువంటి ద్వ్యర్థి. ఒక అర్థంలో అది లోహభాగాలు అరిగి కొట్టుకోవడం. రెండో అర్థంలో అది దహనానికి సంబంధించినది: స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్‌లో ఒక వైపు నుంచి వ్యాపిస్తూ వస్తుండగా, ఇంకా మంట అందని మూలనున్న పెట్రోలు–గాలి మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమని, ఆ పీడన తరంగాలు సిలిండర్ గోడలను తాకి, రేకు డబ్బాలో గులకరాళ్లు గిలకొట్టినట్టు సన్నని గలగల పుట్టిస్తాయి. ఇది ఎక్కువగా పై గేరులో తక్కువ వేగంతో ఎత్తు ఎక్కించేటప్పుడు వినబడుతుంది; తనంతట తాను అంటుకోకుండా ఇంధనం నిలదొక్కుకోగల శక్తికి కొలమానమైన ఆక్టేన్ సంఖ్య హెచ్చుగా ఉన్న పెట్రోలు పోస్తే తగ్గుతుంది. మాట ఒకటే కాబట్టి మందు కూడా ఒకటేననుకుని, బేరింగ్ పోయిన ఇంజన్‌లో ఖరీదైన పెట్రోలు పోసి వందల కిలోమీటర్లు నడిపేవారుంటారు. ఆ వాక్ఛలానికి మూల్యం క్రాంక్ షాఫ్ట్.

ఈ రెండో రకపు నాకింగ్ చరిత్రలో తర్కశాస్త్ర పాఠ్యపుస్తకానికి ఎక్కదగిన ఘట్టం ఒకటుంది. 1916లో అమెరికాలోని డేటన్ నగరంలో ఛార్లెస్ కెట్టరింగ్ వద్ద పనిచేస్తున్న థామస్ మిడ్గ్‌లీ, కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజన్‌లో నాకింగ్ ఎందుకొస్తున్నదో వెతకసాగాడు. మంచు కరగకముందే పూసే ఒక అడవి మొక్కకు ఆకుల వెనుక ఎరుపు ఉంటుందని, ఆ ఎరుపు వేడిని ఎక్కువగా పీల్చుకోవడం వల్లనే అది ముందుగా పూస్తుందని, ఇంధనానికి కూడా ఎరుపు రంగు వేస్తే అది త్వరగా ఆవిరై సాఫీగా మండుతుందని వారిద్దరూ ఊహించారు. ఎర్ర రంగు చేతికందక మిడ్గ్‌లీ అయొడిన్ కలిపాడు. ఇంధనం ఎర్రబడింది, నాకింగ్ ఆగింది. ఊహ రుజువైనట్టే కనబడింది. ఆ తర్వాత నిజమైన ఎర్ర రంగులు తెప్పించి ఒక్కొక్కటిగా కలిపితే ఇంజన్ మునుపటిలాగే కొట్టుకుంది. రంగులేని అయొడిన్ సమ్మేళనం కలిపితే మాత్రం శాంతించింది.

నైయాయికులు ఉపాధి అని పిలిచేది ఇక్కడ అరచేతిలో పెట్టినట్టు కనబడుతుంది. ఉపాధి అంటే, హేతువుగా చూపినదానితో ఎల్లప్పుడూ కలిసి ఉండకపోయినా, సాధించదలచినదానితో మాత్రం ఎల్లప్పుడూ కలిసి ఉంటూ, చూపిన హేతువు అసలు హేతువు కాదని బయటపెట్టే నియమం. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే, కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది గాని పొగ లేదు. పొగకు కావలసింది వట్టి నిప్పు కాదు, తడి కట్టెతో కూడిన నిప్పు. తడి కట్టె అక్కడ ఉపాధి, అయొడిన్ ఇక్కడ ఉపాధి, ఎరుపు కేవలం సహవాసి. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివే విద్యార్థి తడికట్టెను కంఠస్థం చేస్తాడు. ఎరుపును నమ్మి పొరపడి మళ్లీ ప్రయోగశాలకు వెళ్లినవాడి కథ కూడా పక్కన ఉంటే పాఠం ఇంకా బాగా పట్టుబడుతుంది. ఆ వెతుకులాట 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం దగ్గర ఆగింది. అది ఇంజన్ల చప్పుడు మాన్పి, సుమారు నూరేళ్ల పాటు వీధుల గాలిలో సీసాన్ని నింపింది. కార్లకు పోసే సీసపు పెట్రోలును అన్నిటికంటే చివరగా అల్జీరియా 2021లో మానుకుంది.

అరిగిన ఇంజన్ ముందు నిలబడ్డ మెకానిక్ చేసే పని కూడా ఉపాధి నిరసనమే, పేరు తెలియకపోవచ్చు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను వాల్వ్ కవర్‌కు ఆనించి పిడిని చెవికి నొక్కుకుని వింటాడు, తర్వాత సిలిండర్ బ్లాక్‌కు, తర్వాత కింద ఆయిల్ సంప్‌కు ఆనిస్తాడు. ఇంజన్ నిలకడగా నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు క్రాంక్ షాఫ్ట్‌కు చెందిన చప్పుడు సాధారణంగా సెకనుకు 13 సార్ల చొప్పున వస్తే, అందులో సగం వేగంతో తిరిగే క్యామ్ షాఫ్ట్ కదిపే వాల్వుల టిక్‌టిక్ ఆరేడు సార్లే వస్తుంది. అలవాటుపడిన చెవి లెక్కపెట్టదు గాని తేడా పసిగడుతుంది. ఇంతవరకూ ఊహే. తర్వాత అతడు ఒక సిలిండర్ ఇంజెక్టర్ ప్లగ్గును ఊడదీసి ఆ సిలిండర్‌కు పెట్రోలు ఆపుతాడు. మంట లేక ఆ రాడ్ మీద బరువు తగ్గుతుంది; చప్పుడు మెత్తబడితే ప్లగ్గు మళ్లీ పెట్టి, అది తిరిగి వస్తుందో లేదో వింటాడు, తర్వాత మిగిలిన సిలిండర్ల మీద ఇదే పని చేస్తాడు. ఒకటి ఉన్నప్పుడు ఇంకొకటి ఉండడం అన్వయం, ఒకటి తీసేస్తే ఇంకొకటి పోవడం వ్యతిరేకం. చెవి ఎంత చురుకైనదైనా ఇవ్వలేని నిశ్చయాన్ని ఆ రెంటినీ కలిపి చూసే చేయి ఇస్తుంది.

ఎన్నిసార్లు పరీక్షించినా రేపటి సిలిండర్ ఇలాగే ప్రవర్తిస్తుందన్న హామీ ఎక్కడిదని, ప్రత్యక్షాన్ని తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోని చార్వాకుడు అడగక మానడు. న్యాయకుసుమాంజలిలో ఉదయనాచార్యుడు ఇచ్చిన సమాధానం, సందేహానికి వ్యాఘాతమే హద్దని: వ్యాఘాతమంటే మనిషి తన ఆచరణకే అడ్డుపడే మాట అనడం. పొగకు నిప్పు కారణమో కాదో అని నిజంగా సందేహించేవాడు పొగ కావలసినప్పుడు నిప్పు కోసమే వెళ్లడు. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఈ హద్దును ఎగతాళి చేశాడు, తార్కికంగా ఆయనది గట్టి దెబ్బే. అయినా షెడ్డులో గెలిచేది ఉదయనుడు. అక్కడ సందేహం ఏదో ఒక పనికి దారితీస్తేనే దానికి విలువ: ఆయిల్ ఫిల్టర్ కోసి చూద్దామనిపించే సందేహం వేరు, ఏదీ తేలదని కూర్చోబెట్టే సందేహం వేరు. కోసిన ఫిల్టర్ కాగితపు మడతలను విప్పి ఎండలో వాల్చి పట్టుకుంటే నల్లటి ఆయిల్ జిడ్డులో సన్నని రాగి రంగు తళుకులు మెరుస్తాయి. బేరింగ్ పెంకు పైపొర అరిగి లోపలి లోహం రాలుతున్నదనడానికి అవి చెవితో పని లేని వేరే హేతువు.

ఇంజన్ విప్పాక ఒక వింత సంభవిస్తుంది. గీతలు పడిన బేరింగ్ పెంకు చేతిలో ప్రత్యక్షంగా ఉంటుంది, కాని చప్పుడు ఎక్కడా ఉండదు. ఈ పెంకే ఆ చప్పుడుకు కారణమన్నది అప్పటికీ శాస్త్రార్థంలో అనుమానమే, అంటే హేతువును బట్టి తేల్చుకున్నదే, కళ్లెదుట ఉన్నంత మాత్రాన ప్రత్యక్షం కాదు. కొత్త పెంకులు వేసి బిగించిన ఇంజన్ మొదటిసారి మోగకుండా తిరిగితే, కొత్త ఆయిల్ చిక్కదనం వల్ల అలా తిరిగి ఉండవచ్చు. అందుకే జాగ్రత్తపరుడైన మెకానిక్ తయారీదారు చెప్పిన చిక్కదనమున్న ఆయిలే పోసి, కారును రాత్రంతా ఆరుబయట వదిలి, పొద్దున్నే ఒకసారి, అరగంట నడిపి వేడెక్కాక ఒకసారి, ఎత్తు ఎక్కించేటప్పుడు ఇంకోసారి, స్క్రూడ్రైవర్‌ను మునుపు ఆనించిన చోటనే ఆనించి వింటాడు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్‌ను మళ్లీ కోసి ఎండలో వాల్చి చూస్తాడు.