కళాశాల గడపపై విద్యార్థి

ఇంటర్మీడియేటు ముగించి డిగ్రీ తరగతులలోనో, ఇంజనీరింగు, వైద్యవిద్యలలోనో చేరబోవు విద్యార్థిని బంధుమిత్రులు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు: ఏ కోర్సు లభించినది? ఏ కళాశాలలో? ఇవి అవసరమైన ప్రశ్నలే. కాని వీనికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి మిగిలియున్నది. దానిని ఆ విద్యార్థి తనకు తానే వేసికొనవలెను: ఇకమీదట తన్ను నడపునది ఏది?

తెలుగునాట నేటి విద్యార్థికి ఈ ప్రశ్న మఱింత అవసరము. వసతిగృహములతో కూడిన కళాశాలలలో ఇంటర్మీడియేటు చదువునకై రెండేండ్లు గడపినవారి దినచర్యను గమనించినచో ఇది తెలియును. తెల్లవారకమునుపే గంట మ్రోగును. పాఠమునకు గంట, భోజనమునకు గంట, రాత్రి చదువునకు గంట. వారము వారము పరీక్ష. మార్కులు వెంటనే తల్లిదండ్రులకు చేరును. ఇట్లు గడిచిన పిదప ఒకనాడు ఆ బాలుడు క్రొత్త ఊరిలో, క్రొత్త గదిలో నిద్రలేచును. ఏ గంటయు మ్రోగదు. తరగతికి పోయినను పోకున్నను ఆ పూట అడుగువాడు లేడు. జేబులో ధనమున్నది, చేతిలో ఫోనున్నది, దినమంతయు తనదే. నేటికి తనకు స్వేచ్ఛ లభించినదని అతడు భావించుట సహజము.

అతనికి లభించినది నిజముగా స్వేచ్ఛయే. కాని అది స్వాతంత్ర్యమా యనునది విచారింపదగినది. వాడుకలో ఈ రెండు పదములను ఒకే అర్థమున ప్రయోగించుచుందురు. స్వేచ్ఛ యనగా తన ఇచ్ఛ. స్వాతంత్ర్యమనగా తానే తనకు నియామకుడగుట. ఇచ్ఛ తనంతట తానే పుట్టును. దానిని ఎవ్వరును నేర్పనక్కఱలేదు. నియమమును మాత్రము ఎవరికి వారు నిర్మించుకొనవలెను.

వెలుపలి గంట తొలగినంతమాత్రమున లోపలి నియమము పుట్టదు. పైపెచ్చు ఆ చోటును ఆక్రమించుటకు వేఱు యజమానులు సిద్ధముగా నుందురు: గదిలోని సహవాసుల అభిరుచి, ఫోను తెరపై ఒకదాని వెంట నొకటి వచ్చు దృశ్యములు, నలుగురిలో చిన్నబోవుదునేమో యను భయము. రాత్రి రెండు గంటలవఱకు తెరను చూచి ఉదయపు తరగతిని పోగొట్టుకొన్న విద్యార్థి తన ఇష్టము చొప్పున నడచితిననుకొనును. కాని ఆ రాత్రి నిద్రింపవలెనని అతడు నాలుగుసార్లు సంకల్పించి నాలుగుసార్లును ఓడియుండును. తన సంకల్పమునే నెగ్గించుకొనలేనివాడు స్వతంత్రుడెట్లగును?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఇతరులు విధించిన నియమము బంధమైనప్పుడు, తాను విధించుకొన్న నియమము మాత్రము బంధము కాదా? సంగీతమెఱిగినవారికి దీని సమాధానము సులభముగా తోచును. గాయకుడు తన కంఠమునకు తగిన శ్రుతిని తానే ఎన్నుకొని తంబురను సరిచేసికొనును. అటుపిమ్మట కచేరి ముగియువఱకు దానిని విడువడు. ఆ కట్టుబాటు అతని గానమునకు అడ్డు కాదు; రాగమును విస్తరించుటకు అదియే ఆధారము. శ్రుతి తప్పినవానిని స్వతంత్రుడైన గాయకుడని ఎవ్వరును అనరు. లక్ష్యమునకు తగినదని తెలిసి ఎన్నుకొన్న నియమమునకును, భయముచే మోసిన నియమమునకును గల భేదమిదియే.

భయముపై నిలిచిన నీతి ఎంత బలహీనమో మహాత్మాగాంధీ బాల్యమునందలి ఒక సంఘటన తెలుపును. రాజకోటలోని పాఠశాలకు తనిఖీకై వచ్చిన అధికారి పిల్లలచే అయిదు ఇంగ్లీషు మాటలు వ్రాయించెను. వానిలో 'కెటిల్' అను మాటను గాంధీ తప్పుగా వ్రాసెను. ప్రక్కవాని పలకను చూచి దిద్దుకొమ్మని ఉపాధ్యాయుడే కాలితో సంజ్ఞ చేసెను. కాపీ జరుగకుండ చూడవలసినవాడే అందుకు ప్రేరేపించునని ఆ బాలునికి తోచనైన లేదు. తక్కినవారందఱు సరిగా వ్రాసిరి. అతడొక్కడే తెలివిమాలినవాడుగా తేలెను. కావలివాని భయమే అతని సత్యమునకు మూలమైయుండినచో, కావలివాడు కన్నుగీటిన క్షణమునందే అది కూలియుండెడిది.

అదే గాంధీ 1888లో భావనగరమునందలి కళాశాలలో ఒక్క టర్ము చదివి, పాఠములు అందక తిరిగివచ్చి, ఆ యేడే లండనుకు పోయెను. అచ్చట మొదట నాగరిక వేషమునకును, నృత్యము, వయొలిను పాఠములకును ధనము వెచ్చించెను. పిదప తన్ను తాను పరీక్షించుకొని, ప్రతి చిన్న ఖర్చును వ్రాసి, నిద్రించుటకు ముందు లెక్క సరిచూచుకొను అలవాటును పాటించెను. దినదినము ఆ లెక్కనడుగువారు ఆ నగరమున ఎవ్వరును లేరు.

నేటి విద్యార్థికి ఇట్టి పరీక్ష మొదటి వారములోనే ఎదురుకావచ్చును. "రేపు నేను రాను, నా హాజరు నీవు పలుకుమురా" అని స్నేహితుడు కోరును. నిరాకరించినచో స్నేహము చెడునేమో, అంగీకరించినచో అసత్యము. విషయము చిన్నది, పట్టుబడుదునను భయమును అంతగా లేదు. అందుచేతనే అది నిజమైన పరీక్ష. స్నేహితుని ఉదయమున మేలుకొలుపవచ్చును. తప్పిన పాఠమును కూర్చుండబెట్టి చెప్పవచ్చును. అతడు జబ్బుపడినచో ఆచార్యునితో మాటాడవచ్చును. నాలుకను మాత్రము అరువీయరాదు. ఇంత చేసినను నిలువని స్నేహము పోయినచో కలుగు నష్టము అల్పము.

విద్యారంభమున సత్యమునకు గల స్థానమును ఛాందోగ్యోపనిషత్తు సత్యకాముని కథలో చూపినది. గురువగు గౌతముడు గోత్రమడిగినప్పుడు, అది తన తల్లికిని తెలియదను మాటను బాలుడు దాపఱికము లేక విన్నవించెను. ఆ సత్యమే అతనికి ప్రవేశార్హత యయ్యెను. పలువురు ఈ కథను ఇచ్చటనే ఆపుదురు. తరువాతి భాగము కళాశాలలో చేరువారికి మఱింత ఉపకరించును. గురువు కృశించిన నాలుగు వందల గోవులను అప్పగించెను. అవి వేయి కానిదే తిరిగిరానని సత్యకాముడు పలికెను. ఏండ్ల తరబడి అతడు దూరమున నివసించెను. గురువు చెంత లేడు; పనిని లెక్కించువాడు లేడు. మంద వేయికి చేరిన పిమ్మట వృషభమును, తిరుగుదారిలో అగ్ని, హంస, మద్గుపక్షియు అతనికి బ్రహ్మతత్త్వమును పాదము పాదముగా బోధించినవి. వాని ముఖకాంతిని గురువు చూచినంతనే గుర్తించెను. అయినను సత్యకాముడు గురుముఖముననే వినగోరెను. చూచువాడు లేని కాలము అతనికి వ్యర్థము కాలేదు. నేర్చినది గర్వమునకు కారణము కాలేదు.

నియమముతో నడచినవానికిని ఓటమి రావచ్చును. శ్రీనివాస రామానుజన్ కుంభకోణము కళాశాలలో గణితము తప్ప తక్కిన విషయములను ఉపేక్షించి విద్యార్థివేతనమును పోగొట్టుకొనెను. 1905లో ఇంటివారికి చెప్పక విశాఖపట్టణమునకు వెడలిపోయెను. తరువాత మదరాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. ఆయనయే 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. దీనినిబట్టి పరీక్ష తప్పినవారందఱు మేధావులగుదురని ఎంచుట సోమరితనమునకు సాకు మాత్రమే. అడుగువారు లేని ఆ యేండ్లలోను ఆయన తన నోటుపుస్తకములను సూత్రములతో నింపుచునే యుండెను. కాని పరీక్ష తప్పినంతమాత్రమున జీవితము ముగిసినదను భావము అంతకంటెను పెద్ద పొరపాటు. ఫలితములు వెలువడిన దినములలో పత్రికలందు కనబడు విషాదవార్తలకు వెనుక, ఓటమిని ఎవ్వరితోను చెప్పుకొనలేకపోయిన బాలబాలికలెందఱో యుందురు. సత్యమనగా ఇతరుల విషయమున అబద్ధమాడకుండుట మాత్రమే కాదు. తన ఓటమిని ఇంటివారితో చెప్పగల ధైర్యమును సత్యమే. ఆ మాటను కోపము లేక వినుట తల్లిదండ్రుల ధర్మము.

కావున కళాశాలలో చేరబోవు విద్యార్థి పెద్ద వ్రతములు పూనవలసిన పనిలేదు. మూడు చిన్న నియమములు చాలును. ఎవ్వరు చెప్పకున్నను చదువునకు ఒక వేళను నిర్ణయించుకొనవలెను. రాత్రి పడుకొనుటకు ముందు ఆనాటి ధనమునకును, ఫోనుతో గడచిన కాలమునకును లెక్క వ్రాసికొనవలెను. మంచియైనను చెడుయైనను దాచక చెప్పుకొనదగిన పెద్దవారినొకరిని, తల్లినో తండ్రినో ఆచార్యునో, ముందుగానే ఎన్నుకొనవలెను. ఒకనాడు నియమము తప్పినచో దిగులు పడక మఱునాడు మరల ప్రారంభింపవలెను.

ఇవి సాగుచున్నవో లేవో విచారించుటకు గదిలోనికి ఏ అధికారియు రాడు. ఆ విద్యార్థి చదువు అక్కడనే ఆరంభమగును.