శిక్షణ, శిక్ష: జాన్ గలార్డి నిషేధాలు

శిక్షణ, శిక్ష అనే రెండు మాటలకూ ధాతువు ఒక్కటే. వేదాంగాల్లో ఒకటైన ఉచ్చారణ శాస్త్రానికి శిక్ష అనే పేరుండగా, తెలుగు వాడుకలో మాత్రం ఆ మాటకు దండన అన్న అర్థమే స్థిరపడింది. దండన లేనిదే విద్య అబ్బదన్న నమ్మకం గట్టిగా వేళ్లూనుకున్న రంగాల్లో అమెరికన్ ఫుట్‌బాల్, అంటే బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి ప్రత్యర్థులు మీదపడి నేలకూల్చే ఆట, ఒకటి. ఆ ఆటలోనే జాన్ గలార్డి దండనను విడిచి శిక్షణను నిలబెట్టారు.

1926లో కొలరాడోలోని ట్రినిడాడ్ పట్టణంలో పుట్టిన ఆయన, 1943లో తన హైస్కూలు కోచ్‌కు సైన్యం నుంచి పిలుపు రావడంతో, 16 ఏళ్లకే సాటి ఆటగాళ్లకు కోచ్ అయ్యారు. సాధన మధ్యలో నీళ్లు తాగితే కుర్రవాళ్లు మెత్తబడిపోతారని పెద్దలు నమ్మే ఆ రోజుల్లో, దాహమైనవాణ్ణి ఆయన తాగనిచ్చారు. 1949లో మోంటానాలోని కారోల్ కాలేజీలో చేరి ఫుట్‌బాల్‌తో పాటు బాస్కెట్‌బాల్ జట్టుకూ శిక్షణనిచ్చి, 1953 నుంచి 2012 దాకా మిన్నెసోటాలో బెనెడిక్టైన్ సన్యాసులు స్థాపించిన సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, కాలేజీ ఫుట్‌బాల్‌లో మరెవరూ అందుకోని 489 విజయాలు సాధించారు.

మీమాంసకులు చేయవలసినదాన్ని చెప్పే వాక్యాన్ని విధి అనీ, చేయరానిదాన్ని చెప్పే వాక్యాన్ని నిషేధం అనీ అన్నారు. గలార్డి పద్ధతి దాదాపుగా నిషేధాల మయం: ఈల ఊదరాదు, సాధన గంటన్నర దాటరాదు, సాధనలో ఎవరినీ పడగొట్టరాదు, తనను కోచ్ అని పిలవరాదు, జాన్ అంటే చాలు. లోతుగా చూస్తే వీటిలో చాలామటుకు ఆటగాడి చేతులు కట్టేవి కావు, కోచ్ చేతులు కట్టేవి. అధికారం ఉన్నవాడే ముందుగా నియమానికి లోబడడం ఇందులోని అసలు విశేషం. కొన్నిసార్లు సాధనలో భాగంగానే ఆటగాళ్లు గడ్డి మీద వెల్లకిలా పడుకొని, ఆకాశం చూస్తూ, ఈ రోజు ఎంత బాగుందో పక్కవాడితో చెప్పుకొనేవారు.

సెయింట్ జాన్స్‌ను స్థాపించిన సన్యాసులు పాటించే ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి, మఠాధిపతి భయంతో కాక ప్రేమతో మన్నన పొందాలంటుంది. అయితే గలార్డి అలవాట్లు మఠానికి రాకముందే ఏర్పడినవి కనుక, వాటిని మఠం నేర్పిందనడం కంటే తనవిగా గుర్తుపట్టిందనడం న్యాయం. పోటీనాడు ఆట మామూలు మోటుదనంతోనే సాగేది కాబట్టి ఆయన పద్ధతిని అహింస అనడమూ పొరపాటే. పైగా సెయింట్ జాన్స్ ఆడే స్థాయి పోటీల్లోని కళాశాలలు ఆటకోసం ఉపకారవేతనం ఇవ్వవు. ఆటగాడు ఇష్టపడి వస్తాడు, ఇష్టం లేకుంటే వెళ్లిపోతాడు. కోచ్ చేతిలో మిగిలే ఆఖరి దండన జట్టు నుంచి తీసివేయడం. గలార్డి దాన్ని కూడా వదులుకోవడంతో, సెయింట్ జాన్స్ జట్టులో నూరుమందికి పైగా కుర్రవాళ్లు ఉండేవారు.