ఎవరి వ్రతం? ఎవరి ఆకలి?

మహాబలిపురం వెళ్ళినవారు చూసే ఉంటారు. అర్జునుడి తపస్సని కొందరూ, గంగావతరణమని కొందరూ చెప్పుకునే ఆ పెద్ద రాతి మీద పల్లవుల కాలపు శిల్పి ఒక పిల్లిని కూడా చెక్కాడు. వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తూంటుంది. దగ్గరలో ఎలుకలు భక్తిగా చేరి ఉంటాయి. దొంగ తపస్సుతో ఎలుకలను నమ్మించి మింగిన పిల్లి కథ భారతం ఉద్యోగపర్వంలో ఉంది. అప్పటినుంచీ కపటానికి పిల్లి పేరే పెట్టుకుని నవ్వుకుంటున్నాం.

పిల్లి పక్షాన ఒక్క మాట చెప్పాలి. నిజం పిల్లి ఏ వ్రతమూ పట్టలేదు. పట్టించింది మనం.

తమిళనాట, కన్నడనాట తరతరాలుగా స్థిరపడిన మన శాకాహార కుటుంబాల్లో పిల్లికి పెట్టేది పాలన్నమో పెరుగన్నమో. "మా పిల్లి నీచు ముట్టదు" అని గొప్పగా చెప్పుకునే పెద్దలు ఉండేవారు. ఆ పిల్లి నిగనిగలాడుతూనే ఉండేది. కానీ ఆ నిగనిగ పెరుగన్నానిది కాదు. పెంకుటింటి అటక, ధాన్యపు గాదె, వెనక పెరడు - రాత్రిళ్ళు అది తన భోజనం తానే చూసుకునేది. మనం పెట్టింది ఫలహారం. ఎలుకా, బల్లీ, పిచ్చుకా దాని అసలు తిండి. మన అహింస చెడకుండా, దాని కడుపు మాడకుండా సంసారం సాగిపోయిందంటే, ఎవరూ అటక మీదికి తొంగి చూడలేదు కనుకనే.

ఇప్పుడు అటక లేదు. మూడో అంతస్తు ఫ్లాటు, కిటికీకి వల. పిల్లి తినేదంతా మన చేతి మీదుగానే రావాలి. చూడనట్టు ఉండే వీలు పోయింది. దానికి తోడు ఆ పిల్లికి కొన్ని తిళ్ళు పడవని తేలితే, అంతవరకూ అంగడి డబ్బాతో సరిపెట్టిన ఇల్లాలు కత్తిపీట ముందు కూర్చుని ధర్మశాస్త్రం ఆలోచించవలసి వస్తుంది.

విషయం ముందు సూటిగా తెలుసుకుందాం. పిల్లి మాంసం మీదే బతికేట్టు పుట్టిన ప్రాణి. మనం కారట్ తింటే ఒంట్లో ఎ విటమిన్ తయారవుతుంది. పిల్లికి కాదు, దానికి ఆ విటమిన్ నేరుగా అందాలి. టౌరిన్ అనే పదార్థం మన శరీరం కొంత చేసుకుంటుంది. పిల్లి తన అవసరానికి చాలినంత చేసుకోలేదు. అది లోపిస్తే కంటిపొర చెడుతుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఇక తిండి పడకపోవడం. మెడా మొహమూ రక్తం వచ్చేలా గోక్కోవడం, వెంట్రుకలు ఊడడం, వాంతులు - ఇవీ గుర్తులు. ఎక్కువ పిల్లులకు పడనివి గొడ్డుమాంసం, చేప, కోడి. పచ్చిగా పెట్టినంత మాత్రాన పడనిది పడదు. పేచీ ఆ మాంసకృత్తుతో, వంటతో కాదు. అందుకని డాక్టరు సలహాతో, అది ఇంతవరకూ తినని ఒకే ఒక మాంసం ఎంచి, ఎనిమిది వారాలపాటు మరేదీ కలపకుండా పెట్టి చూడాలి. తగ్గితే పాత తిండి మళ్ళీ పెట్టి, గోకుడు తిరిగి వస్తోందేమో చూడాలి. అప్పుడే నిజం తెలిసేది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మాంసం మార్చి, పైన కలిపే పొడులూ నూనెలూ సంగతి మరిచిపోతారు. ఎముకలేని మాంసంలో భాస్వరం బోలెడు, సున్నం నామమాత్రం. అదొక్కటే పెడితే పిల్లి తన ఎముకల్లోని సున్నం తానే కరగదీసుకుంటుంది. సున్నం కోసం గుడ్డుపెంకు పొడి కలుపుదామా? పెంకు లోపలి పొరలో కోడి తాలూకు మాంసకృత్తులే ఉంటాయి. ఎముకల పొడా? ఏ జంతువు ఎముకలో అడగాలి. చేప పడని పిల్లికి చేపనూనె అనుమానమే. మందుగొట్టాల తొడుగు చాలామటుకు పశువుల జిగురే. రుచికోసం మాత్రల్లో కోడి వాసన కలుపుతారు. కాలేయం మంచిదని రోజూ పెడితే ఎ విటమిన్ ఎక్కువై మెడ ఎముకలు అతుక్కుపోతాయి. టౌరిన్ పొడి ఒక్కటే ఇందులో నిరపాయం. 1827లో ఎద్దు పిత్తంలో దొరికి ఎద్దు పేరే పెట్టుకున్నా, ఇవాళ అమ్మేది సాధారణంగా కర్మాగారంలో రసాయనాలతో చేసిందే.

ఇంతకీ పచ్చిదా, ఉడికించిందా? పచ్చిదే ప్రకృతి అనేవారు ఎక్కువగా చెప్పే సాక్ష్యం అమెరికా వైద్యుడు పాటెంజర్‌ది. ఆయన 1932 నుంచి పదేళ్ళు పిల్లుల మీద పరిశీలన చేసి, పచ్చిమాంసం తిన్నవి బాగున్నాయనీ, ఉడికించినది తిన్నవి క్షీణించాయనీ చెప్పాడు. అప్పటికి పిల్లికి టౌరిన్ అవసరమని ఎవరికీ తెలియదు. ఉడికేటప్పుడు టౌరిన్ చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది. ఆ నీళ్ళు పారబోయకుండా కలిపి, పైన కొలిచిన పొడి వేస్తే ఆ భయం తీరుతుంది. పచ్చిమాంసం భయం అలా తీరేది కాదు. 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర గోరేవాడ కేంద్రంలో మూడు పులులూ ఒక చిరుతా పక్షిజ్వరంతో చనిపోయాయి. తిన్న కోడిమాంసం మీదే అనుమానం పడింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినంత మాత్రాన ఆ క్రిమి చావదు. ప్రకృతి అంటే పచ్చిదనం కాదు, సమగ్రత. ఎలుకలో ఎముకా, గుండే, కాలేయమూ అన్నీ ఉన్నాయి. కొట్టులో కోయించిన ముక్కలో ఒక్క కండే ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పెరుగన్నం పెట్టే ఇల్లూ, పచ్చిమాంసం మాత్రమే పెడతానని పట్టుబట్టే ఇల్లూ పైకి ఉత్తర దక్షిణాలు. లోపల ఒక్కటే. ఒకరు తమ అహింసను పిల్లి గిన్నెలో వడ్డిస్తున్నారు. మరొకరు తమ ప్రకృతి సిద్ధాంతాన్ని వడ్డిస్తున్నారు. నోరులేని ప్రాణికి తిండి ఎంచేవాడు ముందు అడగవలసింది "నా నమ్మకం నిలిచిందా?" అని కాదు, "దాని ఒళ్ళు ఏమంటోంది?" అని. తన ఉపవాసం తాను చేయడం వ్రతం. ఇతరులచేత చేయించడం వ్రతమెలా అవుతుంది?

శిబి చక్రవర్తి కథ మనకు తెలిసిందే. పావురాన్ని దాచిన రాజును డేగ నిలదీసింది: దాన్ని బతికించి నన్నూ నా పిల్లలనూ చంపుతావా అని. రాజు డేగకు గింజలు తినమని నీతి చెప్పలేదు. దాని ఆకలి పాపం కాదని ఒప్పుకున్నాడు. కనుకనే త్రాసు తెప్పించాడు.

అయితే శిబి తన తొడ కోశాడు. మనం మేకను కోయిస్తాం. ఈ తేడాను ఏ తర్కమూ చెరపలేదు. పిల్లి బతకడం ధర్మమే, మేక చావడం నష్టమే. రెండూ నిజాలే. మాంసాహారి ప్రాణిని తెచ్చి తలుపు వేసిననాడే ఈ రుణం మన ఖాతాలో పడింది. అది మోయలేమనుకున్నవారు పిల్లిని తెచ్చుకోకుండా ఉండడమే నిజాయితీ. ఆవును పెంచుకోవచ్చు. తెచ్చుకున్నాక మాత్రం మొహం తిప్పుకునే హక్కు లేదు. పారేయకుండా వండడం, కొలిచి కలపడం, తెలియనిది డాక్టరును అడగడం, ఆ రుణంలో మనం తీర్చగలిగింది ఇంతే. కాటా మీద తూచి అరగ్రాము పొడి కలపడం చిన్న పనిలా కనిపించవచ్చు. శిబి చేతిలోనూ ఉన్నది త్రాసే కదా.

మన పెద్దలకు అటక ఉంది, చూడకుండా గడిచింది. మనకు ఆ సౌకర్యం లేదు. గిన్నె మనమే పెట్టాలి, అందులో ఏముందో మనకే తెలియాలి. పెట్టిన ఎనిమిది వారాలకు గోకుడు ఆగిందా, బరువు నిలిచిందా అన్నది పిల్లి ఒంటి మీదే కనబడుతుంది. మన వ్రతం సంగతి అది అడగదు.