ఉదయం నీది, పగలు అందరిది

కోస్గి,
కార్తీక పౌర్ణమి.

చిరంజీవి సౌభాగ్యవతి అయిన బిడ్డకు,

పెద్దనాయన ఆశీర్వదించి రాస్తున్నాను. ఇక్కడ కంది పూత మీదుంది. మబ్బులు పట్టకుండా ఉంటే ఈసారి కాపు బాగానే దిగుతుంది.

సంక్రాంతి సెలవులకు నువ్వూ అల్లుడూ పిల్లలూ మీ అమ్మానాయనలను వెంటబెట్టుకొని శ్రీలంక పోతున్నారని తమ్ముడు చెప్పాడు. నువ్వు పంపిన ప్లాన్ కూడా చదివాను. చాలా సంతోషమేసింది. మన ఇళ్ళల్లో ఊరు దాటి పోవడమంటే పని కోసమే. కోస్గి, కొడంగల్, మద్దూరు, నారాయణపేట చుట్టుపక్కల వానలు మొహం చాటేసిన ఏడల్లా జనం మూటాముల్లె సర్దుకొని బొంబాయికీ పుణెకూ పోయేవాళ్ళు. పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశమంతటా డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. మీ తాత కూడా ఆ బాటన పోయినవాడే. ముసలివాళ్ళను ఇంటి దగ్గర వదిలేసి పోవడమే ఆ ప్రయాణాల తీరు. ఆ ఇంటి బిడ్డ ఇవాళ పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని, చూసి సంతోషపడటానికే సముద్రం దాటుతోంది. ఇంతకంటే ఏం కావాలి?

అయితే నీ ప్లాన్ చదువుతుంటే ఒక సంగతి నన్ను కలచివేసింది. అందులో సింహరాజ అడవి ఉంది. యాల, బుందల, హోర్టన్ ప్లెయిన్స్ నేషనల్ పార్కులు ఉన్నాయి. ప్రతి రోజూ చూడాల్సిన పిట్టల పేర్లు వరసగా రాశావు. మీ అమ్మ పేరు మాత్రం ఎక్కడా లేదు. అల్లుడు ఏం చూస్తాడో, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారో లేదు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషి జలగలున్న అడవిలో నడవలేదు కదా, హోటల్ గదిలోనే కూర్చుంటుంది. వెంట తీసుకుపోయి గదిలో వదిలేస్తే, ఊళ్ళో వదిలి పోయినదానికీ దీనికీ తేడా ఏముంది బిడ్డా?

నీ పిట్టల పిచ్చిని తప్పుపట్టడం లేదు. అది మంచి పిచ్చి. పిట్టల శాస్త్రానికి మన దేశంలో పెద్దదిక్కైన సాలిం అలీ 1930ల మొదట్లో నిజాం సంస్థానంలోని పక్షులన్నిటినీ సర్వే చేశాడు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చే నల్లమల భాగంలో, మన్ననూరు, ఫరహాబాద్ అడవుల్లో తిరిగాడు. ఆ తిరుగుళ్ళలో ఆయన భార్య తహ్మీనా తోడుగా ఉండేది. ఒకరి ఇష్టం ఇద్దరి ఇష్టమైతే అంత సుఖం లేదు. కానీ అది బలవంతంగా రాదు. అల్లుడు తెల్లవారుజామున జీపెక్కి ఆవలిస్తూ కూర్చున్నంత మాత్రాన ఆయనకు పిట్టలంటే ప్రేమ పుట్టదు.

అందుకే నా మాట ఒక్కటే. ఉదయం నువ్వు తీసుకో, పగలు వాళ్ళకియ్యి.

ఇది నువ్వు చేస్తున్న త్యాగమేమీ కాదు, పిట్టల బతుకే అలా ఉంటుంది. రాత్రంతా ఏమీ తినక ఆకలి మీదున్న పిట్ట పొద్దు పొడవగానే మేతకు దిగుతుంది. గాలి చల్లగా, నిలకడగా ఉండే ఆ వేళే కూతలూ దూరం వినిపిస్తాయి. తొమ్మిది, పది దాటి ఎండ ముదిరితే కొమ్మల మాటున చేరి మౌనంగా ఉంటాయి. మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకే కదులుతాయి. పిల్లలూ పెద్దలూ నిద్రలేచి స్నానాలు ముగించి టిఫిన్ బల్ల దగ్గరికి వచ్చేసరికి నీ పని అయిపోతుంది. ఆ తర్వాత రోజంతా నువ్వు వాళ్ళ మనిషివి. మెడలో బైనాక్యులర్స్ ఉండనీ, చూపు మాత్రం వాళ్ళ మీదుండాలి.

ఇది జరగాలంటే బస దగ్గరి నుంచి నడిచిపోయేంత దూరంలో పిట్టలుండాలి. అందరికీ ఒక్కో ఇష్టం తీరే ఊళ్ళే ఎంచుకోవాలి. రిటైరయ్యాక టీచర్లమంతా కలిసి యాత్రకు పోయినప్పుడు చూసిన దారి కాబట్టి చెబుతున్నాను. యాల, బుందల దక్షిణాన దూరంగా ఉన్నాయి. వాటిని వదులుకుంటే నేను చెప్పే ఊళ్ళన్నీ ఒకే చుట్టులో వస్తాయి.

ముందు సిగిరియా. 5వ శతాబ్దంలో కాశ్యప రాజు బండమీద కోట కట్టించిన చోటు. పైకి ఎక్కాలంటే పన్నెండు వందల దాకా మెట్లు. అల్లుడూ పిల్లలూ ఎక్కుతారు. మీ అమ్మానాయనలు కింద తోటల్లో చెట్ల నీడన కూర్చోవచ్చు. పాత కందకాల చుట్టూ ఉన్న చెట్లల్లోనే పొద్దున నీకు కావలసినన్ని పిట్టలు. మన తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట అక్కడి తీగల మీదా కూర్చుంటుంది. దసరానాడు జమ్మి దగ్గర దాన్ని చూసి దండం పెట్టుకునే మీ అమ్మకు, పరాయి దేశంలో అదే నీలి రెక్కను చూపించు. నీ జాబితాలోని అరుదైన పిట్టలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క చూపు ఒక ఎత్తు.

తర్వాత క్యాండీ. బుద్ధుడి దంతం ఉన్న గుడి పెద్దలకు. ఆ గుడి వెనకనే ఉడవట్ట కెలె అన్న అడవి ఉంది, ఒకప్పుడు రాజుల అడవి. శ్రీలంకలో తప్ప మరెక్కడా కనిపించని చిలుకలు అక్కడ దొరుకుతాయి. ఆ రాజులెవరో పిల్లలకు చెప్పు. 1739 నుంచి 1815లో ఇంగ్లీషువాళ్ళు చివరి రాజును పట్టుకునేదాకా క్యాండీని ఏలినవాళ్ళు నాయక వంశస్థులు, తెలుగు మూలాలున్నవాళ్ళు. ఆ దేశంలో తెలుగు మాట్లాడే కులం ఒకటి ఇప్పటికీ ఉంది, అహికుంటకులంటారు. పాములాడించి బతికినవాళ్ళు. అక్కడ పౌర్ణమి నాడు సెలవు, గుడి కిక్కిరిసిపోతుంది. క్యాలెండర్ చూసి ఆ రోజు తప్పించు.

మూడోది నువర ఎలియా, ఎత్తు సుమారు 1,870 మీటర్లు. జనవరిలో చలి కొరుకుతుంది, స్వెటర్లు మరిచిపోవద్దు. ఊరి నడుమ విక్టోరియా పార్కు ఉంది. పిల్లలు గడ్డిలో ఉరుకుతుంటే, నువ్వు పార్కు వెనక్కి పో. అక్కడ మురికి పారే వాగు గట్టున మన పిడికిట్లో పట్టేంత పిట్టను నేను చూశాను. గొంతూ రొమ్మూ కాషాయం, దాని చుట్టూ నల్లటి అంచు. కాశ్మీర్ ఫ్లైక్యాచర్ అని గైడు చెప్పాడు. కాశ్మీరు ప్రాంతంలో పిల్లల్ని పెంచి, చలికాలానికి దేశం మొత్తం దాటి ఈ కొండలకు వస్తుందట. అంత దూరం ఎగిరొచ్చి వాగు గట్టున పురుగులేరుకుంటోంది. అక్కడికి దగ్గరలోనే సీత ఎలియలో సీతమ్మ గుడి, దాని పక్కన హక్‌గల తోట. మీ అమ్మ దర్శనం చేసుకొని కూర్చునేలోపు తోటలో నీకు కొండపిట్టలు కనిపిస్తాయి. ఒకరి కోసం ఒకరు ఎదురుచూసే పని లేదు.

సింహరాజ పోలేకపోతున్నానని బాధపడకు. కొలంబో దారిలో కితుల్‌గల ఉంది. అడవి అలాంటిదే, పిట్టలూ చాలావరకు అవే. అల్లుడూ పెద్దోడూ కెలణి నదిలో రాఫ్టింగ్ చేసుకుంటారు. ఈ ఊరి అడవిలోనే 1995లో దీపాల్ వరకగొడ అనే ఆయన రాత్రిపూట తెలియని గుడ్లగూబ కూత విన్నాడు. ఆ గొంతు ఎవరిదో తెలిసింది 2001లో, సింహరాజ అడవిలో దాన్ని కళ్ళతో చూసినప్పుడు. 2004లో దానికి శాస్త్రీయంగా పేరుపెట్టారు. ఆ పేరు సింహరాజను నరికివేత నుంచి కాపాడటానికి పోరాడిన థిలో హాఫ్‌మన్‌ది. ఒక్క పిట్టకోసం దీపాల్ అన్నేళ్ళు ఆగాడు. సింహరాజ కోసం నువ్వూ మరో రెండేళ్ళు ఆగగలవు. అడవి అక్కడే ఉంటుంది. మీ అమ్మానాయనల కాళ్ళలో ఈ మాత్రం బలం రెండేళ్ళ తర్వాత ఉంటుందని ఎవరు చెప్పగలరు?

చివరి రోజు విమానాశ్రయానికి దగ్గరలోని నెగొంబో. మీ అమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. ఆ సంగతి నీకు చెప్పి కూడా ఉండదు. పక్కనే ముత్తురాజవెల చిత్తడి నేలల్లో పడవ తిప్పుతారు. నడిచే పని లేదు, కొంగలూ లకుముకి పిట్టలూ పడవ దగ్గరికే వస్తాయి.

పిల్లల సంగతి. పిట్టలను చూడటం విమానం దిగాక మొదలుపెట్టేది కాదు. ఈ రెండు నెలలూ సెలవు దొరికినప్పుడల్లా కోస్గికి తీసుకురా. బర్రెల మీద కూర్చునే పసులపోలిగాడిని, చెరువు గట్టున అరిచే తీతువును, తాటి కమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్ళను చూపిద్దాం. జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో గుంపులుగా దిగే గులాబీ గోరింకలు మధ్య ఆసియా మైదానాల నుంచి వస్తాయి. వడిసెల పట్టి వాటిని తోలే రైతుకు అవి పాస్‌పోర్టు లేని విదేశీయులని తెలియదు. ఇంటి ముందరి పిట్ట తెలిసిన పిల్లకే పరాయి పిట్ట కొత్తగా కనిపిస్తుంది. బైనాక్యులర్స్ కొనేటప్పుడు 8 రెట్లు చూపేవి కొను. 10 రెట్లవి చిన్న చేతుల్లో వణుకుతాయి. పిల్లాడి చేతిలోంచి గుంజుకోవద్దు. వాడు చూస్తున్నది మామూలు కాకే అయినా, చూడనియ్యి.

పిట్టల పట్లా మర్యాద ఉండాలి. ఫోన్‌లో కూత పెట్టి పిలవకు. తన తావులోకి వేరే మగపిట్ట వచ్చిందనుకొని అది మేతా గూడూ వదిలి కొట్లాటకు వస్తుంది, నీ ఫోటో కోసం దాని పొద్దు వృథా అవుతుంది. గూటి దగ్గరికి పోకు, గూడు దోచే కాకి నీ వెనక చూస్తూనే ఉంటుంది. ఈకా గుడ్డు పెంకూ ఏదీ సంచిలో వేసుకోకు. గుడికి పోయినప్పుడు భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది.

గైడుకూ డ్రైవరుకూ కూలి ముందే మాట్లాడుకో, మాట్లాడుకున్నదానిలో పైసా తగ్గించకు. 2022లో ఆ దేశం పెట్రోలుకూ మందులకూ క్యూలు కట్టి అల్లాడింది. మన పాలమూరు మనుషులు పరాయి ఊళ్ళలో మేస్త్రీల చేతిలో కూలి ఎగవేతకు ఎన్నిసార్లు గురయ్యారో నీకు తెలుసు. ఆ బాధ తెలిసిన ఇంటివాళ్ళం మనం బేరమాడకూడదు. బస చేసే చోట డ్రైవరుకు పడక, భోజనం ఉన్నాయా అని దిగగానే అడుగు.

ఇక ఖర్చు. అప్పు చేసి పోవద్దు. చేతిలో ఉన్నదానికి తగ్గట్టు రోజులు తగ్గించుకో. ప్రవేశ అనుమతి ఆ ప్రభుత్వం వెబ్‌సైట్‌లోనే తీసుకో, దళారీల సైట్లకు డబ్బు కట్టకు. అందరి పాస్‌పోర్టులకూ ఆరు నెలలకు మించి గడువుండాలి. పెద్దవాళ్ళకు ఇన్సూరెన్స్ తప్పక చేయించు. వాళ్ళ బీపీ, షుగర్ మాత్రలు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండనీ.

ఈ ప్లాన్‌ను తిరగరాసి, అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించు. ఎవరికేం కావాలో అడుగు. అల్లుడు చెబుతాడు, పిల్లలు అరిచి చెబుతారు. మీ అమ్మ మాత్రం "నాకేముంది బిడ్డా, మీ ఇష్టమే నా ఇష్టం" అంటుంది. పిల్లల కడుపు నిండాక గిన్నెలో మిగిలింది తినడం అలవాటైన మనిషి, కోరిక అడిగితే సిగ్గుపడుతుంది. ఆ మాట విని ఊరుకోకు. మర్నాడు అడుగు, ఆ మర్నాడూ అడుగు. ఆమె నోట ఒక ఊరి పేరో గుడి పేరో వచ్చాక, దాన్ని కాగితం మీద మొదటి వరసలో రాసి, అప్పుడు టికెట్లు కొను.

అందరూ క్షేమంగా వెళ్ళి సంతోషంగా రండి.

ఇట్లు,
మీ పెద్దనాయన